కొంగు కింద బేరం

పొయ్యి మీద ఉలవలు ఉడకతా ఉండాయి. పాపకి జలుబు చేసిందని గుగ్గిళ్ళకి పెట్టినాను. మూత తీస్తానే ఆవిరి మొగానికి కొట్టింది. అంతే, నేను యాడుండానో మర్చిపోయినాను. రవంత మట్టి మాదిరి, రవంత గింజ మాదిరి ఉండే ఆ వేడి వాసన మీకందరికీ కూటి వాసన. నాకి మాత్రం గుర్రం వాసన. దాని ఎనకాలే కుప్పమ్మత్త గుర్తుకొస్తాది. మీరెవురూ ఆమెని చూసుండరు. తిరపతి రైలు స్టేషన్ ఎనకపక్క సందులో ఆమెకి ఒక రేకుల కొట్టం ఉన్నింది. తెల్లారకముందే పెద్ద అండాలో ఉలవలు ఉడకబెట్టి, కోసిన గడ్డి కట్టలు కట్టి, జట్కావోళ్ళకి అమ్మేది. మొగుడు పోయినామె. బిడ్డలు లేరు. అందరూ అత్తా అనేవాళ్ళు, నేనూ అత్తా అనేసినాను. రోజుకి పది మాటలు మాట్లాడేదేమో, అందులో ఆరు గుర్రాలతోనే. నేనేమో పుట్టినప్పుటి నుంచీ నోరు మూసిందాన్ని కాదు. మాయమ్మ అనేది, "నీ నోటిని సంతలో పెట్టినా ఎవురూ కొనరు మే, మేపలేక సస్తారు" అని. అట్లాంటి నన్ను ఆమె ఎట్ల భరించిందో ఇప్పుటికీ నాకర్థం కాదు.

పెండ్లయి ఆ సందుకి వచ్చిన కొత్తలో నాకి గుర్రమంటే బయం. మా ఇంటాయన మునస్వామి జట్కా తోలేవాడు. బండి మా మామ చేయించిందే, సొంతం. గుర్రం మాత్రం బాడుగది, ఒక ఓనరు కాడ తీసుకునేది. ఒక దినం ఉలవలు ఎత్తుకురమ్మంటే కుప్పమ్మత్త కొట్టానికి పోయినాను. ఆడ కట్టేసిన గుర్రం నా పక్కకి తిరిగి బుస్సుమనింది. నేను గంప ఆడే ఇసిరేసి, వాకిట్లోకి వచ్చి పడినాను. కుప్పమ్మత్త నవ్వలేదు. నా చెయ్యి పట్టుకోని లోపలికి ఈడ్చుకోని పోయింది. అరిచేతిలో ఒక బెల్లం ముక్క పెట్టింది.

"ఏళ్ళు సాపు" అనింది.

"కొరికితే ఎట్లత్తా?"

"ముడిస్తే కొరుకుతాది. సాపు. దానికి బెల్లం కనబడాల, నీ ఏళ్ళు కనబడగూడదు."

చాపినాను. కండ్లు మూసుకున్నాను. అరిచేతి మీద పాత పట్టుచీర కొంగు తగిలినట్టు మెత్తగా ఏందో తగిలింది. కండ్లు తెరిచేలోగా బెల్లం లేదు. అంత పెద్ద జీవానికి అంత మెత్తని పెదాలా! ఆ పొద్దంతా నేను ఆ చెయ్యి కడుక్కోలేదు. సందులో ఎవురు కనబడితే వాళ్ళకి చెప్పినాను. మా ఇంటాయన, "నేను పదేండ్ల నుంచి గుర్రం తోలతా ఉండా, నన్నెవురూ ఇంత గొప్పగా చెప్పుకోలేదే" అని ఎకసెక్కం చేసినాడు.

రెండేండ్లు అట్ల జరిగిపోయినాయి. ఒక దినం నలుగుర్ని ఎక్కించుకోని అలిపిరికి పోతా ఉంటే గుర్రం కుంటింది. మా ఇంటాయన దోవలోనే ఆళ్ళని దింపేసి, దుడ్లు తీసుకోకుండా, గుర్రాన్ని ఇప్పి నడిపించుకోని వచ్చేసినాడు. ఓనరు మా వాకిట్లోకి వచ్చి నిలబడి, "ఏమప్పా, ఆ గుర్రానికి నువ్వు బాడుగోడివా, మొగుడివా?" అన్నాడు. కుంటినా తోలాల్సిందేనంట. ఈయన తోలనన్నాడు. వాడు గుర్రాన్ని పట్టుకోని పోయినాడు. ఇంకెవురూ ఇయ్యకుండా చెప్పేసినాడు గూడా. బండి వాకిట్లో నొగలు పైకెత్తుకోని నిలబడింది. మూడు వారాలు. నాలుగో వారం మా ఇంటాయన, "నేను బెంగులూరికి పోయి బిల్డింగు పని చేసుకుంటా. నువ్వు మీయమ్మ కాడికి పో" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు బండి పక్క చూడలేదు. నా పక్కా చూడలేదు. బెంగులూరికి పోయినోళ్ళు మా సందుకి తిరిగొచ్చింది నేను చూడలేదు.

కుప్పమ్మత్త కాడికి పోయి ఏడ్చినాను. నేను ఏడిస్తే ఊరికే ఏడవను, కతంతా చెప్పతా ఏడస్తాను. ఆమె ఉలవలు కలబెడతానే ఉన్నింది. నేను ముక్కు చీదుకునేదానికి ఆగినప్పుడు అనింది.

"సొంత గుర్రం కొనండి."

"మేమా? దేంతో కొనేది?"

ఆమె తెడ్డుతో నా చెవులు చూపించింది. నా కమ్మలు. మాయమ్మ పెట్టినవి. చేతులు రెండూ చెవుల మీద పెట్టుకున్నాను. ఆమె మళ్ళీ తెడ్డు అండాలో పెట్టింది. సాయంత్రానికి కమ్మలూ, కాలి పట్టీలూ రెండూ అమ్మేసినాము. కుప్పమ్మత్త ఆ దుడ్లు చూసి, "ఒగ గుర్రానికి సాలతాది. తప్పు గుర్రం కొంటే రెండోదానికి సాలదు" అనింది. ఆపైన, "నేనూ వస్తా" అనింది. మా ఇంటాయన గుడ్లు తేలేసినాడు. గుర్రాల సంతకి ఆడోళ్ళు పోయేది యాడన్నా ఉండాదా? కానీ సందులో ఏ గుర్రానికి కడుపునొప్పి వచ్చినా ఆమె కాడికే కదా పట్టుకొచ్చేది! సరే రమ్మన్నాడు.

పలమనేరులో బస్సు దిగేసరికి చలికి పండ్లు కొట్టుకుంటా ఉన్నాయి. మా తిరపతి ఎండల్లో పెరిగిన ఒళ్ళు కదా! ఊరి బయట బయల్లో పశువుల సంత. ఎద్దులు, ఆవులు దాటుకోని ఆ చివరికి పోతే గుర్రాలు. మంచు ఇంకా లేవలేదు. ఆ మంచులో ముందు కాళ్ళే కనబడినాయి. కాళ్ళు, కాళ్ళు, లెక్క లేనన్ని కాళ్ళు. ఎండ రవంత ఎక్కుతానే మంచు పైకి లేచి ఎదుర్రొమ్ములు, మెడలు, జూలు, ఒకటొకటిగా బయటపడినాయి. నల్లవి, ఎర్రవి, పాల మాదిరి తెల్లవి. ముక్కుల్లో నుంచి పొగలు. నేను నోరు తెరుచుకోని అట్లే నిలబడిపోయినాను. మా ఇంటాయన, "ఏమే, ఊపిరి తీసుకో" అన్నాడు. నేను దినామూ చూసే గుర్రాలు బండికి కట్టుబడి, కండ్లకి గంతలతో, ఎండలో తల వంచుకోని నిలబడేవి. గుర్రమంటే ఇంత ఉంటాదని నాకి ఆ పొద్దే తెలిసింది.

కుప్పమ్మత్త చూసే తీరు వేరే. గుర్రం అమ్మేవాడు కళ్ళెం పట్టుకోని నడిపిస్తా ఉంటే అందరూ గుర్రాన్ని చూస్తారు. ఆమె వీపు తిప్పి నిలబడేది. కండ్లు మూసుకోని వినేది. "రాతి మీద నడిపించప్పా" అనేది. నాలుగు గిట్టలూ నాలుగు తీర్లుగా మోగకుండా ఒకే తీరుగా మోగాలంట. ఒకదాన్ని అట్ల వినేసి, "ఎనక కుడికాలు నేలని నమ్మలేదు" అనింది. అమ్మేవాడు మొగం మాడ్చుకోని పట్టుకోని పోయినాడు. చుట్టూ నలుగురు చేరినారు. "ఎవురబ్బా ఈ ముసిలామె?" అని గుసగుసలు. నాకి ఆ గొప్పంతా నాదే అయినట్టు, "మా అత్త! తిరపతి!" అని అడగనోళ్ళకి గూడా చెప్పినాను.

మా ఇంటాయన కన్ను ఒక తెల్ల గుర్రం మీద పడింది. కుప్పమ్మత్త గూడా విని తల ఊపింది. దళారి దాని గొంతు ఎత్తి చూపించినాడు. ఆడ వెంట్రుకలు గుండ్రంగా తిరిగి సుడి ఉన్నింది. "దేవమణి సుడప్పా! ఇది ఇంటికి వస్తే లచ్చిందేవి ఎనకాలే వస్తాది" అన్నాడు. గుర్రం కొనేవాళ్ళు ముందు సుడులు చూస్తారు. యాడ సుడి ఉంటే ఏమవతాదో వాళ్ళకి ఒక లెక్క. మా ఇంటాయన మొగం వెలిగిపోయింది. బేరానికి కూర్చున్నారు. ఆ బేరం ఎట్లంటే, నోటితో ధర చెప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఒక్కో వేలు ఒక నూరు, ఐదు దాటితే మళ్ళీ మొదటి వేలు నుంచి పట్టుకుంటారు. ఎంతకి తెగిందో ఆ ఇద్దరికే తెలుస్తాది, చుట్టూ ఉండేవాళ్ళకి తెలీదు. అమ్మేవాడి పరువు, కొనేవాడి పరువు రెండూ ఆ తువ్వాలు కిందే ఉంటాయి. ఇదంతా నాకి ఆపైన తెలిసింది. మా ఇంటాయన బేరం మధ్యలో నా పక్కకి వంగి, సంతోషం పట్టలేక చెవిలో చెప్పినాడు. అంతే, నా నోరు ఊరుకుంటాదా?

"ఏందీ! ఏడు నూర్లకే ఇచ్చేస్తా ఉండారా!" అని అరిచేసినాను.

సంత సంతంతా మా పక్క తిరిగింది. అమ్మేవాడు తువ్వాలు కింద నుంచి చెయ్యి లాగేసుకున్నాడు. తువ్వాలు దులిపి బుజం మీద ఏసుకున్నాడు. "నా గుర్రం మానం తీసేసినారు కదప్పా" అనేసి లేచిపోయినాడు. మేము పిలస్తానే ఉండాము. ఇంకొకడు ఎనకాలే పోయి కూర్చున్నాడు. ఆ తెల్ల గుర్రం మా కండ్ల ముందరే వేరే వాడి చేతిలో నడిచిపోయింది. మా ఇంటాయన నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. "పదండి పోదాం. నేను రేపు బెంగులూరు బస్సెక్కతా" అన్నాడు, అంతే. నేను ఆడే నేల మీద కూలబడినాను. కుప్పమ్మత్త పోయి బోండాలు, టీ ఎత్తుకొచ్చి నా ముందర పెట్టింది.

"తినుమే. కాలీ కడుపుతో ఏడిస్తే కండ్లు మండతాయి."

"నా నాలిక కోసెయ్యాలత్తా."

"కోస్తే కోద్దువుగానీ, ముందు బోండా నమలాల గదా."

పొద్దు వాలతా ఉన్నింది. కట్టెలు పెరికి, తాళ్ళు చుట్టి, సంత లేస్తా ఉన్నింది. అందరూ పోతా ఉంటే ఆ చివర ఒక గుర్రం ఒంటరిగా కనబడింది. చింతపిక్క రంగు. ఆడ గుర్రం. పక్కన ముళబాగిలు దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలాయన గొంతుక్కూచోని ఉన్నాడు. పొద్దున నుంచీ ఎవురూ ఆ పక్క పోలేదు. ఎందుకంటే దాని ఎడమ కంటి కింద సుడి. కన్నీళ్ళ సుడి అంటారు. కన్నీళ్ళు కారే చోట సుడి ఉంటే ఇంట్లో ఏడుపులు తప్పవని. దళారిని పిలిస్తే దూరం నుంచే చెయ్యి ఊపేసినాడు. "ఆ బేరంలో నా చెయ్యి పెట్టనప్పా. నాకూ పెండ్లాం బిడ్డలుండారు" అన్నాడు. మా ఇంటాయన గూడా రెండడుగులు ఎనక్కి ఏసినాడు. "వద్దత్తా, మన బతుకులో ఇంకా ఏడుపొకటి కొనుక్కోవాల్నా?"

కుప్పమ్మత్త ఆ గుర్రాన్ని నడిపించమనింది. వీపు తిప్పి కండ్లు మూసుకునింది. ఒక తూరి విన్నాది. మళ్ళీ నడిపించమనింది. ఆమె రెండో తూరి వినడం నేను చూసింది అదే మొదలు. ఆపైన దాని నోరు చూసింది, కాళ్ళు ఎత్తి చూసింది, పక్కటెముకలకి చెవి పెట్టింది. నన్ను పిలిచి, "నువ్వూ పెట్టు" అనింది. పెట్టినాను. వెచ్చగా ఉన్నింది. ముందు ఏమీ వినబడలేదు. ఆపైన యాడనో లోపల్నుంచి, లోతు బాయిలో బిందె తగిలినట్టు, ఒక దెబ్బ. నేను ఊపిరి తీసుకోని వదిలినాను, అప్పుడు రెండో దెబ్బ. అంత నిదానం! నా గుండె మాత్రం దడదడా కొట్టుకుంటా ఉంటే, అది నా బయాన్నీ, సంతనీ, ఎవురేమనుకున్నా పట్టించుకోకుండా తన పాటికి తాను కొట్టుకుంటా ఉన్నింది. చెవి తియ్యబుద్ది కాలేదు.

"అత్తా, సుడి..." అన్నాడు మా ఇంటాయన.

కుప్పమ్మత్త అప్పుడు చెప్పింది. రెండేండ్లలో ఎప్పుడూ చెప్పని మాట. "మా ఇంటాయన కొన్న గుర్రానికి గొంతు కింద దేవమణి సుడి ఉన్నింది మునస్వామీ. సంతలో అంతా పొగిడినారు. ఆయప్ప దాని బండి కిందే పడి సచ్చిపోయినాడు." అంతే. ఏడవలేదు. గుర్రం జూలు సరి చేసింది. మా ఇంటాయన తల వంచుకున్నాడు. "నాకి చెయ్యి ఆడదత్తా. నేను బేరం చెయ్యలేను" అన్నాడు.

కుప్పమ్మత్త నా పక్క తిరిగింది. "నువ్వు కూర్చో."

"నేనా? ఆడదాన్నా?"

"కమ్మలు ఎవురివి?"

ముసలాయన గూడా ఎనకా ముందూ ఆడినాడు. పరాయి ఆడమనిషి చెయ్యి ఎట్ల పట్టుకునేదని. కుప్పమ్మత్త, "బిడ్డనుకో నాయనా" అని, తన కొంగు ఇప్పి మా ఇద్దరి చేతుల మీద కప్పింది. నా చెవిలో, "నోరు మూయి. చెయ్యి మాట్లాడతాది" అనింది. మూసినాను. నా బతుకులో అంత సేపు నోరు మూసింది అదే. కొంగు కింద ఆ ముసలాయన చెయ్యి ఎండిన చింతబెరడు మాదిరి ఉన్నింది. ఆయన ఆరు చూపించినాడు. నేను నాలుగు పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపినాడు. అట్ల ఊపతా ఉంటే నాకి తెలిసింది, ఆ చెయ్యి వణకతా ఉండాది. మొగం మాత్రం రాయి మాదిరి ఉండాది. ఆయనకి ఈ గుర్రాన్ని అమ్మబుద్ది లేదు. కానీ ఎవురూ కొనకపోతే ఎట్లా అని బయం. పొద్దున నుంచీ ఆ సుడిని అందరూ తిట్టినారు కదా, ఆయన వింటానే కూర్చున్నాడు. చివరికి నాలుగుకి దిగొచ్చినాడు. నాలుగు వేళ్ళు నా చేతిలో పెట్టేసి వదలబోయినాడు. నేను వదల్లేదు. ఐదో వేలు గూడా పట్టుకోని గట్టిగా నొక్కినాను. ఆయన నా మొగం పక్క చూసినాడు. నేను కిక్కురుమనలేదు.

దుడ్లు ఇచ్చి, పగ్గం చేతికి తీసుకోని రోడ్డెక్కినాము. బస్సులో గుర్రాన్ని ఎక్కించుకోరు కదా, మొగిలి ఘాటు దిగి, చిత్తూరు మీదుగా తిరపతి దాకా నడకే. రవంత దూరం పోయినాక కుప్పమ్మత్త అనింది, "ఒగ ఏలు ఎక్కువ పట్టుకున్నావు గదామే."

"నీకెట్ల తెలిసింది? కొంగు కింద గదా!"

"ముసిలాయన ఎనక్కి తిరిగి కండ్లు తుడుసుకున్నాడు."

మా ఇంటాయన టక్కున ఆగిపోయినాడు. "చూసినావా! ఇంకా ఇంటికే పోలేదు, అప్పుడే ఒకర్ని ఏడిపించేసింది ఈ సుడి!" అన్నాడు. మేము ముగ్గురూ రోడ్డు మధ్యలో నిలబడి పడీ పడీ నవ్వినాము. ఘాటులో లారీ ఒకటి హారను కొట్టుకుంటా ఎదురొస్తే నేను ఎగిరి పక్కకి దూకినాను. గుర్రం చెవులు మాత్రం అటు తిప్పి, ఇటు తిప్పి, తన పాటికి తాను నడిచింది. మా ఇంటాయన అప్పుటిదాకా దాన్ని ముట్టుకోలేదు. ఆ మలుపులో నా చేతిలో నుంచి పగ్గం తీసుకున్నాడు. పగలంతా నడిచి, దోవలో వాళ్ళూ వీళ్ళూ పెట్టిన సంగటి తిని, చెట్ల కింద పండుకోని, నాలుగో దినం ఇల్లు చేరినాము.

మరసటి పొద్దున బండి కట్టినాము. మా సొంత గుర్రం, మా సొంత బండి. నేను పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి చూస్తే కుప్పమ్మత్త కనబడలేదు. కొట్టం ఎనక గోడకి ఆనుకోని నిలబడి ఉన్నింది. దినామూ అంతేనంట. జట్కాలు బయల్దేరే టయానికి ఆమె ఆ గోడ చాటుకి పోతాది. మొగుడు పోయినామె ఎదురైతే ఆ పొద్దు బేరాలు తగలవని. పొమ్మని ఎవురూ చెప్పలేదు, ఆమే పోయేది. రెండేండ్లు ఆ సందులో ఉండీ నేను అది కనుక్కోలేదు చూడండి. ఆమె ఉడకబెట్టిన ఉలవలు తిన్న గుర్రాలన్నీ ఆమె మొగం చూడకుండా బయల్దేరేవి.

మా ఇంటాయన పగ్గాలు పట్టుకోని కూర్చున్నాడు. బండి కదపలేదు. "మే, అత్త యాడ?" అన్నాడు. చూపించినాను. "అత్తా, ఇట్ల రా. ఎదురు రా" అని గట్టిగా పిలిచినాడు. పక్క జట్కావోళ్ళు తలలు తిప్పినారు.

గోడ చాటు నుంచి, "పోరా నాయనా, రైలొచ్చే టయమయింది" అని వినబడింది.

"సుడి గుర్రాన్ని నాకి అంటగట్టి నువ్వు దాక్కుంటే ఎట్లత్తా? నువ్వొస్తేగానీ ఈ బండి కదలదు."

చాలా సేపటికి వచ్చింది. కొంగు నిండా కప్పుకోని, సందు ఆ చివర నుంచి ఈ చివరికి, నడి దోవలో. తల ఎత్తలేదు. గుర్రం కాడికి వచ్చినప్పుడు మాత్రం ఆగి, దాని ఎడమ కంటి కింద, ఆ సుడి మీద, అరిచెయ్యి పెట్టింది. దాటుకోని పోయింది. మా ఇంటాయన బండి కదిపినాడు.

ఆ పొద్దు మొదటి రైలుకి మాకు ఒక్క బేరమూ తగల్లేదు. రెండో రైలుకీ తగల్లేదు. మా ఇంటాయన సాయంత్రం ఇంటికొచ్చి గుర్రానికి ఉలవలు పెట్టినాడు. మరసటి పొద్దున బండి కట్టి, "అత్తా" అని మళ్ళీ పిలిచినాడు.

ఆ గుర్రం మాకు శానా ఏండ్లు కూడు పెట్టింది. మేము బెంగులూరు చూడనేలేదు. ఏడుపులు గూడా వచ్చినాయి, అందరి ఇండ్లకీ వచ్చినట్టే. బండి తోలినన్నాళ్ళూ ఆమె ఎదురొస్తేనే కదిలేది. ఆమె పోయి ఇప్పుటికి రెండేండ్లు. ఇప్పుడు నేను యాడికి బయల్దేరినా, వాకిలి దాటేటప్పుడు ఒక్క నిమిషం నిలబడతాను. పాప, "ఏమ్మా, ఏం మర్చిపోయినావు?" అంటాది. ఏమీ లేదులే అంటాను. ఆమె నిదానంగా నడిచేది కదా, ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చి నన్ను దాటుకోని పోయే దాకా ఉండి, ఆపైన అడుగు తీస్తాను.